పద్దెనిమిది నూర్లు

నంద్యాల చెక్‌పోస్టు కాడ నా అంగడి.
మూగబోయిన లారీ హారన్లు, కాలిన సెల్ఫ్ మోటార్లు,
నీళ్లడిగే బ్యాటరీలు.
పడవకు మీటరు కావాలని మాత్రం
ఇరవై ఏండ్లలో ఎవరూ గడప తొక్కలేదు.

సుంకేసుల నుంచి సుంకులమ్మ వచ్చింది,
చంకలో నోటుబుక్కు.
"మా మావ ఇంజను ఎంత తిరుగుతాందో
చూపించే ముల్లు కావల్ల."
బుక్కు నిండా డీజిలు లెక్క:
అదే రాజోలి గట్టు, అవే మిరప మూటలు,
ఏడాదికేడాది లీటరు మీద లీటరు.
"ఈ బుక్కు సంగతి మావకాడ ఎత్తద్దు."

మూడు మీటర్లు తీసి గల్లాపెట్టె మీద పెట్టినాను.
మోటారుసైకిలుది: పన్నెండు వేల దాకా అంకెలు.
ఆ నింపాది ఇంజనుకు దాని ముల్లు
నిద్రలో మనిషి ఒత్తిగిలినట్టు కదిలి ఊరుకుంటుంది.
లారీది ఇరవైనాలుగు వోల్టులు,
పడవలో ఉండేది పన్నెండే.
మూడోది ట్రాక్టరు నుంచి ఊడబీకింది,
మూడు వేలకే ఆగే ముఖం,
అడుగున చిన్న కిటికీలో నడిచిన గంటలు.
అద్దం మీద ఒక గీత.
"గీతకెంత తగ్గిస్తావు?" అనింది.

ఆదివారం తొలి బస్సు.
ఉరుకుందప్ప పడవ కొయ్యకు కట్టి ఉండాది,
యూరియా సంచులు కుట్టిన తెరచాప
వెదురు చుట్టూ మడిచి ఉండాది.
"ముల్లెందుకప్పా, నా చెవి చాలదా?"
అంటానే నా నోటి వైపు చూసినాడు,
నేను చెప్పకముందే తలూపినాడు.

పెట్రోలు ఇంజనైతే కాయిలు నుంచి తీగ లాగితే సరి.
డీజిలుకు నిప్పురవ్వ లేదు, లెక్కపెట్టనీకి.
ఆల్టర్నేటరు విప్పి, డయోడ్లకు ఇవతలే
చుట్ట కొసకు ఒక తీగ అతికించినాను.
గాలికి సోల్డరింగు కడ్డీ చల్లారిపోతావుంటే
సుంకులమ్మ కొంగు అడ్డం పట్టింది.
పెద్ద పుల్లీకి ఒక చుట్టు నూలుదారం,
అదే దారం చిన్న పుల్లీకి సరిగ్గా రెండు చుట్లు.
లోపల ఆరు జతల ధ్రువాలు.
అంటే ఇంజను ఒకసారి తిరిగితే పన్నెండు తట్లు.
మీటరు వీపున బియ్యపుగింజంత స్విచ్చులు,
అగ్గిపుల్లతో పన్నెండుకు జరిపి,
నీళ్లు దిగకుండా గమ్ము పూసినాను.

నడిమధ్య నదిలో
అలవాటైన కాడ యాక్సిలేటరు ఆపి
"పద్నాలుగు నూర్లు, చూస్కో" అన్నాడు.
ముల్లు పద్దెనిమిది మీద నిలబడింది.

మీటరు తప్పన్నాడు. ట్రాక్టరుది ట్రాక్టరుదేనన్నాడు.
రివైండింగు షాపు రహంతుల్లా కాడ
అడిగి తెచ్చిన లైటు గన్ను ఉండాది నా సంచిలో.
ఇంజను ఆపి, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం
పుల్లీకి అంటించి, మళ్లీ స్టార్టు చేయించి
అదే కాడికి తెప్పించి గురి పెట్టినాను.
వెయ్యిన్ని ఏడునూర్ల తొంభై.

సుంకులమ్మ నీళ్ల వైపు చూస్తాంది.
నేను పానాలు తుడవని గుడ్డతో తుడుస్తాన్నాను.

శానాసేపటికి ఆయనే యాక్సిలేటరు తగ్గించినాడు.
పదహారు. పదిహేను. పద్నాలుగు.
ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించి
"ఇంత మెల్లగనా?" అన్నాడు.
"ఇంజను ముసలిదయ్యి గొంతు తగ్గిందనుకుంటి.
ఇంకొంచెం, ఇంకొంచెమని తోస్తావస్తి."

రాజోలి నుంచి తిరిగొచ్చేటప్పుడు
పడమటి గాలి లేచింది.
ఇంజను ఆపి తెరచాప విప్పినాడు.
యూరియా సంచుల పచ్చ అక్షరాలు ఉబ్బినాయి.
ముల్లు సున్నా మీద పండుకుంది.
"ఇది మాత్రం సరిగ్గా చెప్పిందిలే" అని
గోటితో అద్దం మీద గీతను గీకినాడు.

గమ్ము ఆరనీ, రేపటిదాకా తడపద్దు అన్నాను.
"ఆఁ?" అన్నాడు,
పొద్దున్నుంచి మొదటిసారి
చెవి వెనక చెయ్యి పెట్టుకొని.